ప్రదర్శన గేటు దగ్గర మా గ్రామసేవక్

మా గ్రామసేవక్ పోయాడు. తాండూరులో వ్యవసాయ ప్రదర్శన ఇంకో రెండు దినాలుందనగా, దానికి పోదామని ధారూర్ స్టేషనుకు వచ్చాడట. టికెట్టు కొనకముందే దగ్గు తెర వచ్చి అక్కడే కూలబడ్డాడట. నాకు కబురు చెప్పిన మనిషి లేడు. నవాబుపేట సంతలో ఉల్లిగడ్డలు ఏరుకుంటుంటే పక్కన గంప దించుకున్న ఇద్దరు మాట్లాడుకోవడం చెవిన పడింది.

"విన్నవా, విషం సేవక్ సచ్చిండంట."

"ఏ సేవక్?"

"గదే, మందుగింజలిచ్చి పిల్లను సంపలే? గాయిన."

ఏరిన ఉల్లిగడ్డలు అక్కడే వదిలి లేచాను. ఆ పిల్ల నా బిడ్డ. ఆ పిల్లను ఆయన చంపలేదు. ఈ సంగతి ఊరికీ, తాలూకాకూ, కాగితాలు దాచుకునే ఆఫీసుకూ చెప్పవలసింది నేను. తొమ్మిదేళ్లు చెప్పలేదు. వచ్చే ప్రదర్శనకు వేసే పుస్తకంలో ఆయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండని అడిగారట. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా బడి పంతులమ్మ రాస్తున్నది. మాటలను పుస్తకం మాటల్లాగా దిద్దుకో తల్లీ, సంగతిని మాత్రం ముట్టుకోకు అని ముందే చెప్పాను. రెండు మాటలతో అయ్యేది కాదు. కూర్చుని వినండి.

ఆయనది ధారూర్ అవతల ఒక ఊరు. తల్లిదండ్రులు మావంటి భూములున్నవాళ్ల పొలాల్లో కూలి చేసి బతికారు. ఆయన మిషన్ బడిలో చదువుకుని, సర్కారు కొలువు సంపాదించి, సైకిలు మీద మా ఊళ్లకు సేవక్‌గా వచ్చాడు. రచ్చకట్ట మీద మా మగవాళ్లు నవ్వారు. "మన పెంట మోసినోని కొడుకు మనకు ఎవుసం నేర్పుతడంట" అన్నారు. ఆయన వినబడనట్టు సైకిలు గోడకు ఆనించి, నమస్తే పటేలా అనేవాడు.

ఎవరి పొలమైనా సరే, అడుగు పెట్టేముందు చెప్పులు గట్టు మీద విడిచేవాడు. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి, ఆ చుట్టను చంకలో పెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. నాలుగు దినాలకు విప్పి ఎన్ని మొలిచాయో చూపించేవాడు. "నా మాట నమ్మకుండ్రి, మొలకను నమ్ముండ్రి" అనేది ఆయన మాట. మా బావ, అంటే నా పెనిమిటికి అన్న, ఒకనాడు ఎకసెక్కంగా అడిగాడు. "ఏం సేవక్, గుడ్లు పొదుగుతున్నవా?"

"అవు పటేలా. ఎల్లుండికి పిల్లలైతయి. సూడనీకి రా" అన్నాడాయన. ఊరంతా నవ్వింది. మా బావ నవ్వలేదు.

నేను ఆ బావ ఇంట్లోనే ఉండేదాన్ని. నైజాం రాజ్యం పోయిన ఏడాది గడబిడల్లో నా పెనిమిటి పోయాడు. ఆయన పోయిన మూడు నెలలకు నా ఆఖరి కాన్పు అయింది. అంతకుముందు పుట్టినవాళ్లు దక్కలేదు. ఈ ఒక్క బిడ్డ దక్కింది. దాన్ని కొంగు కింద పెట్టుకుని, ఆ ఇంటి పని చేసి, ఆ ఇంటి తిండి తిని బతికాను. బావ చెడ్డవాడని చెప్పను. తన మాట కాకుండా ఇంకొకరి మాట ఆ ఇంట్లో ఉంటుందని ఆయనకు తోచేది కాదు, అంతే.

బిడ్డకు తొమ్మిదేళ్లప్పుడు, మిరుగు కార్తెకు, అంటే తొలకరికి ముందు, తాండూరులో పెద్ద ప్రదర్శన పెట్టారు. మా బండిలో ఇంటిల్లిపాదీ పోయాం. నాపరాళ్లు పరిచిన మైదానం, డేరాలు, మైకు, ఇనుప నాగళ్లు, పందెపు కోడెలు. కన్నడ సీమ దిక్కు నుంచి కూడా మనుషులు వచ్చారు, సగం కన్నడం సగం తెలుగు. గేటు దాటగానే మగవాళ్లను ఒక డేరాకు, ఆడవాళ్లను ఇంకో డేరాకు పంపారు. మగవాళ్ల డేరాలో మా సేవక్ విత్తనాల గురించి చెప్పాడు. ఆడవాళ్ల డేరాలో పట్నం నుంచి వచ్చిన ఒకామె పొగ రాని పొయ్యి ఎట్లా కట్టాలో చూపించింది.

నా పక్కన కూర్చున్న ముసలామె అడిగింది. "పొగ రాకుంటె ఎట్ల బిడ్డా? ఏడ్సినప్పుడు అత్తకేం చెప్పాలె?"

మేము కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఏ ఇంట్లోనైనా విత్తనాన్ని ఏరేది, ఎండబెట్టేది, కుండలో పోసి మూతికి మన్ను మెత్తేది ఆడది. ఆ ఆడవాళ్లందరినీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, కుండ మూత ఎన్నడూ తీయని మగవాళ్లకు గింజ గురించి చెప్పారు. ఇట్లా ఏర్పాటు చేసింది సేవక్ కాదు. ఆయన డేరాలు వేయించేవాడు, అంతే.

ఆనాడు పేరున్న రైతులకు తలా ఒక సంచి మేలురకం కందులు ఇచ్చారు. పురుగు, తెగులు తగలకుండా మందు పట్టించిన గింజలు. ఎర్రటి పొడి. ఇక్కడ ఒక సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. మా దిక్కు కందులను ఊరికే విసరం. ఎర్రమన్ను నీళ్లలో కలిపి గింజలకు పట్టించి ఎండబెడతాం. అప్పుడే పొట్టు ఊడి బద్ద శుభ్రంగా వస్తుంది. ఎర్రటి కందులు ఎవరింట్లో కనిపించినా, పప్పుకు సిద్ధమైన కందులనే ఏ ఆడదైనా అనుకుంటుంది.

మర్నాడు పొద్దున సేవక్ మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో సైకిలు ఆపి పిలిచాడు.

"అమ్మా, పటేల్ ఇంట్ల ఉన్నడా?"

"లేడు. శేను కాడికి పోయిండు."

"నిన్న తాండూరుల ఇచ్చిన కందుల సంచి మీ ఇంటికొచ్చింది గద. దాని గురించి నీకు ఒక్క మాట చెప్పిపోదామని."

"నాతోని నీకేం మాట? ఏదున్నా ఆయనకే చెప్పు."

"ఆయనకు చెప్పిన. ఆడోళ్ల చెవుల గూడ ఏస్తె మంచిది గదాని." అంటూ అరుగు దిక్కు రెండు అడుగులు వేశాడు.

"ఆడనే ఆగు! అరుగు కాడికి రాకు. మగోళ్లు లేని ఇంటికొచ్చి ముండమోసినదానితోని ముచ్చట్లేంది నీకు? నలుగురు సూస్తె నన్నేమంటరు?"

"కోపం జెయ్యకమ్మా. జర సంచికి కుట్టిన కాగితం ఉన్నది, అండ్ల..."

"పోతవా, కుక్కను ఇడవాల్నా?"

ఆయన పోయాడు. ఒక్క మాట అన్నాడే, ఆ ఒక్క మాటే నేను పడనివ్వలేదు. నలుగురు చూస్తారన్న భయం ఎంత ఉన్నదో, ఈ కులపోడు అరుగెక్కుతాడా అన్న పొగరు అంతకన్నా ఎక్కువున్నది. భయం ఒక్కటే అని చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది.

మా బావ ఆ సంచిని దూలానికి వేలాడగట్టాడు. ఎందుకు కట్టాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మిరుగు వచ్చింది, వాన రాలేదు. పనులు లేవు కదా అని బావ, నా తోటికోడలు పిల్లలను తీసుకుని దౌల్తాబాద్‌లో పెండ్లికి పోయారు. పోతూ మా ఇద్దరికీ నాలుగు దినాలకు సరిపడే జొన్నలు తీసిపెట్టి, గింజల అర్రకు తాళం వేసి, తాళంచెవి నడుముకు చెక్కుకుని పోయింది తోటికోడలు. నాలుగు దినాలన్నవాళ్లు ఇరవై దినాలకు వచ్చారు.

జొన్నలు అయిపోయాక దూలం మీది సంచి దించాను. అడగకుండా దించుతున్నానని ముందు తలుపు గడియ పెట్టాను. సంచికి ఒక కాగితం కుట్టి ఉంది. నా బిడ్డ బడికి పోయేది, అక్షరాలు కూడబలుక్కుని చదివేది. దానికి చూపించాను.

"ఇవి మన అక్షరాలు కావమ్మా" అన్నది.

ఇంగ్లీషట. పొగ రాని పొయ్యి గురించి మాత్రం తెలుగులో చెప్పారు.

ఎర్రమన్ను కడిగినట్టే మూడు నీళ్లు పోసి కడిగాను. సగం విసిరి పప్పు చేశాను, సగం గుగ్గిళ్లు. బిడ్డకు ఎక్కువ పెట్టి, అడుగున మిగిలిన నీళ్లు నేను తాగాను. ఇండ్లల్లో ఆడవాళ్లు తినే తీరు అదే కదా. అందుకే నేను మిగిలాను. ఇప్పటికీ నా వేలికొసలకు స్పర్శ లేదు, నిప్పు తగిలినా తెలియదు. ఖాళీ అయిన సంచిని ఉతికి బిడ్డకు పలకసంచి కుట్టాను.

పది పదిహేను దినాలు ఏమీ కాలేదు. తర్వాత నడుస్తూ తూలడం మొదలుపెట్టింది. చెంబు పట్టుకుంటే చేతిలోంచి జారేది. మాట ముద్దముద్దగా వచ్చేది. "అమ్మా, ఎదురుగున్నదే కనవడుతున్నది, పక్కకున్నది కనవడ్తలేదు" అన్నది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాను. అప్పటికి బావవాళ్లు తిరిగి వచ్చారు. సంచి ఏదని బావ అడగలేదు. దూలం దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు, బయటికి పోయాడు. ఆ చూపుతో ఆయనకు అంతా తెలిసిందని నేను చాలా ఏండ్ల తర్వాత అర్థం చేసుకున్నాను.

సేవక్‌కు ఎవరో చెప్పారు, పటేల్ ఇంట్లో పిల్ల తూలుతున్నదని. వచ్చాడు. వాకిట్లోనే ఆగాడు. నులకమంచం మీద బిడ్డ, దాని పక్కన పలకసంచి. ఆయన సంచిని చూశాడు. కాగితం కుట్టిన దారం ఇంకా దానికి వేలాడుతున్నది.

"అమ్మా, ఈ సంచిల కందులేమైనయి?"

నేను పలకసంచిని మంచం కిందికి నెట్టాను.

"తిన్నరా?"

ఆయన నా జవాబు కోసం ఆగలేదు. అరుగెక్కాడు, బిడ్డను ఎత్తుకున్నాడు. నేను ఆగమనలేదు. సైకిలు ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఒక చేత్తో సైకిలు నడిపిస్తూ స్టేషను దాకా పరుగున పోయాడు. నేను వెనక ఉరికాను. రైల్లో వికారాబాద్ దాకా బిడ్డ తల ఆయన ఒళ్లోనే ఉంది. దవాఖానలో పదకొండు దినాలు ఉంది. చివరి మూడు దినాలు నన్ను చూడలేదు, గొంతు విని తల తిప్పేది. తర్వాత అదీ లేదు.

పెద్ద ఆఫీసరు విచారణకు జీపులో వచ్చాడు. వచ్చే ముందు మా బావ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన వంటింట్లోకి రావడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఏమడిగినా తెల్వదను. సంచి దించింది నువ్వు, వండింది నువ్వు. నోరు తెరిస్తె బిడ్డను సంపుకున్న తల్లివైతవు. ఆలోచన జేస్కో."

చావడిలో ఆఫీసరు అడిగాడు. "ఈ గింజలు తినగూడదని గ్రామసేవక్ మీలో ఎవరికైనా చెప్పాడా?"

"ఎవ్వలకు చెప్పలే సార్" అన్నాడు మా బావ. సంచులు తీసుకున్న మిగతా రైతులు ఆయన ముఖం చూసి తలలు దించుకున్నారు. అందరూ విన్నవాళ్లే.

ఆఫీసరు నా దిక్కు తిరిగాడు. "ఏమమ్మా, ఈయన మీ ఇంటికి వచ్చి ఏమైనా చెప్పాడా?"

సేవక్ అక్కడే, స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. నా ముఖంలోకి చూశాడు. నేను నేల చూశాను. "తెల్వదు" అన్నాను. కాగితం మీద నా వేలు పట్టి ముద్ర వేయించుకున్నారు.

చివరికి ఆయన్ను అడిగారు. అప్పుడు ఒక్క మాట చాలు. వాకిట్ల దాకా పోయిన సార్, ఈమెనే ఎల్లగొట్టింది అంటే చాలు. ఆయన నౌకరీ నిలబడేది.

"రైతులకు చెప్పిన సార్. ఆడోళ్లకు చెప్పలే. తప్పు నాదే" అన్నాడు.

ఉద్యోగం పోయింది. తాండూరు బండల కార్ఖానాలో రాళ్లు కోసే పనికి కుదిరాడు. గింజలు పట్టుకున్న చేతులు రాతిపొడిలో మునిగాయి. ఆ పొడే ఛాతీలో పేరుకుని దగ్గయింది. ఆ దగ్గు ముదిరే సొంత ఊరికి చేరాడు, ఆ దగ్గే ఆయన్ను స్టేషనులో కూలదోసింది. ఇది కూడా నా లెక్కలోనే రాయి పంతులమ్మా అన్నాను. ఆమె రాయకుండా నా ముఖం చూస్తున్నది. రాయి.

అయినా ప్రతి ఏడూ తాండూరులో, వికారాబాద్‌లో ప్రదర్శన పెట్టినప్పుడల్లా ఆ దినం కూలి పోగొట్టుకుని వచ్చేవాడు. లోపలికి పోయేవాడు కాదు. గేటు బయట నిలబడేవాడు. సంచులతో బయటికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లు కనిపిస్తే చేతులు జోడించి ఆపేవాడు. మగవాళ్ల దగ్గర సంచి ఉంటే, మీ ఇంటామెను పిలువు అనేవాడు. "విషం సేవక్ వచ్చిండు, సంచులు దాసుకోండ్రి!" అని వెక్కిరించేవారు. వాళ్ల వెక్కిరింత అయిపోయేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు.

మూడో ఏడు వికారాబాద్‌లో ఆయన్ను చూశాను. అప్పటికి బావ ఇల్లు విడిచి నవాబుపేట దిక్కు మా తమ్ముడి ఊరికి వచ్చేశాను. జనం పలచబడే దాకా ఆగి దగ్గరికి పోయాను.

"ఎందుకు చెప్పలేవయ్యా?"

"ఏంది అమ్మా?"

"నేను ఎల్లగొట్టిన అని."

ఆయన చాలాసేపు దగ్గాడు. "చెప్తె నీ బావ నిన్ను ఇంట్ల ఉండనిస్తుండెనా? బిడ్డ పాయె. నిలువ నీడన్న ఉండాలె గద."

"నీ నౌకరీ పాయె గదయ్యా!"

"నాకు రెక్కలున్నయి" అన్నాడు. తర్వాత కొంచెం నవ్వి, "ఊకె నిలవడకు. నీ గొంతు పెద్దది. ఆ దిక్కు నిలవడు" అన్నాడు.

ఆనాటి నుంచి గేటుకు ఒక పక్క ఆయన, ఒక పక్క నేను. చదువు రానివాళ్లకు కాగితం ఎందుకు అని ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. చెప్పింది విన్న ప్రతి ఆడమనిషి కొంగుకు ముడి వేసుకుని పోవాలి. "ఇంటికి పోంగనె ముడి ఏందని మీ అత్త అడుగుతది. అప్పుడు అత్తకు చెప్పు. ముడి మాత్రం విత్తనం భూమిల పడ్డంకనే ఇప్పు" అనేవాడు. నేను ముడి వెయ్యనిదే ఎవరినీ గేటు దాటనిచ్చేదాన్ని కాదు. ఒకామె "ఏందే ముసల్దానా, నీ జబర్దస్తీ" అని తిట్టింది. ముడి వేసేదాకా ఆమె కొంగు వదలలేదు.

ఆ గేటు దగ్గర చాలామందికి చాలా చెప్పాను. చెప్పవలసిన ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఏటేటా ఈసారి చెబుతాను అనుకున్నాను. తల్లే చంపిందంటారని భయం. ఆయన ఒక్కసారీ అడగలేదు. నేను నోరు తెరవబోతే "ఉండనియ్యి అమ్మా" అనేవాడు. ఆ మాటను నేను సాకు చేసుకున్నాను.

ఇప్పుడు నాకు బావ భయం లేదు, లోకం భయం లేదు. ఆయన నాకు చెప్పడానికి వచ్చాడు, నేను వెళ్లగొట్టాను. ఆయన మా బావకు చెప్పాడు, మా బావ దాచాడు. ఆఫీసులో కాగితం మీద నా వేలిముద్ర అబద్ధం. దాన్ని వెతికి కొట్టేయండి. మా బావ ఇప్పుడు రైతు సదస్సుల్లో ముందు కుర్చీలో కూర్చునే పెద్దమనిషి. ఇది పుస్తకంలో వేసి ఊరుకోవద్దు, ఆయన ఆ కుర్చీలో ఉండగా మైకులో చదవండి.

కబురు తెలిసిన మర్నాడు ధారూర్ అవతల వాళ్ల ఊరికి పోయాను. అప్పటికే మట్టిచేశారు. ఆ ఇంటి గడప నేను ఎన్నడూ తొక్కలేదు. ఆయన భార్య వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. నేను నిలబడే అంతా చెప్పాను. తిడుతుందని, కొడుతుందని చూశాను.

"నాకెరుకనే అక్కా. విచారణ అయిన నాడే చెప్పిండు" అన్నది.

"మరి నన్నెన్నడూ ఏమనలేదేంది చెల్లె?"

"నువ్వే చెప్తవన్నడు. ఆమె కోపపు మనిషి, ఏదో ఒకనాడు తానే చెప్తది సూడు అంటుండె. ఈసారి తాండూరుకు పొయ్యేటప్పుడు గూడ అన్నడు."

ఆమె చాప మీద పక్కకు జరిగింది. కూర్చున్నాను. ఎదురుగా దండెం మీద, ఆమె ఆ పొద్దున ఉతికి ఆరేసిన ఆయన తెల్ల అంగీ ఉంది. సరిగా పిండినట్టు లేదు. చేతుల చివరల నుంచి ఒక్కొక్క చుక్కా నేల మీద పడుతూనే ఉంది.